తప్పటడుగుల వయసులో క్రమస్పృహ: మాంటిస్సోరి పరిశీలన, తిరుపతి – చిత్తూరు ప్రాంత అన్వయం

వ్యాససంగ్రహం

ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లల్లో కనిపించే క్రమస్పృహను మరియా మాంటిస్సోరి ‘ది సీక్రెట్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ గ్రంథంలో వివరించిన తీరును ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. ఆమె చూపిన ఆధారాల బలాబలాలను, తరువాతి పరిశోధకులు లేవనెత్తిన ప్రశ్నలను చర్చిస్తుంది. తిరుపతి, చిత్తూరు ప్రాంతపు ఇళ్ళకూ అంగన్‌వాడీలకూ ఈ భావనను అన్వయించేటప్పుడు వస్తువుల స్థానం కంటె పనుల వరుసకూ మనుషుల నిలకడకూ ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలని వాదిస్తుంది.

కీలకపదాలు: క్రమస్పృహ, సున్నిత దశ, శిశు పరిశీలన, క్రమశిక్షణ, అంగన్‌వాడీ, పూర్వ బాల్యదశ విద్య.

ఉపోద్ఘాతం

తిరుమలలో కల్యాణకట్ట బయట కాసేపు నిలుచున్న వారెవరికైనా ఈ దృశ్యం పరిచితమే. తండ్రి జుట్టుతో లోపలికి వెళ్ళి, గుండుతో, నెత్తిన గంధంతో బయటికి వస్తాడు. తల్లి చంకలో ఉన్న ఏడాదిన్నర బిడ్డ చేతులు చాచబోయి ఆగిపోతుంది. మొహం తిప్పుకుంటుంది. తండ్రి ఎత్తుకోబోతే ఏడుపు లంకించుకుంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. “నాయన్నే గుర్తుపట్టలేదు చూడు” అంటారు. కాసేపటికి ఏడుపు సర్దుమణుగుతుంది, అందరూ క్యూలోకి కదులుతారు, విషయం మరుగున పడుతుంది.

“గుర్తుపట్టలేదు” అన్న ఆ వివరణ సరిపోతుందా? తండ్రి గొంతు అదే, చొక్కా అదే, చేతులు అవే. నిజంగా కొత్తమనిషి అనుకుంటే బిడ్డ తల్లి భుజంలో మొహం దాచుకుని మళ్ళీ చూడకూడదు. కానీ చాలామంది పిల్లలు వెక్కుతూనే మళ్ళీ మళ్ళీ ఆ తలవైపే చూస్తారు. కొందరు చెయ్యి చాచి తడుముతారు కూడా. మనిషి తెలిసినవాడే, ఉండవలసింది ఉండవలసిన చోట లేదు: బిడ్డ కలవరానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కావచ్చు అని మాత్రమే అంటున్నాను. ఎండ, ఆకలి, జనం, నిద్రలేమి అన్నీ అక్కడే ఉన్నాయి. అయినా పుట్టువెంట్రుకలు తీయించడానికి మన కుటుంబాలు సాధారణంగా ఎంచుకునే ఏడాది, మూడేళ్ళ వయసులు, మాంటిస్సోరి క్రమస్పృహ అత్యంత తీవ్రంగా ఉంటుందని చెప్పిన దశకు రెండు కొసలు. ఈ ప్రాంతంలో శిశు విద్యను అధ్యయనం చేసేవారు ఈ యాదృచ్ఛికతను విడిచిపెట్టడానికి వీల్లేదు.

మాంటిస్సోరి చూసినవి

‘ది సీక్రెట్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ 1936 నాటి గ్రంథం. అందులో ఆమె సున్నిత దశ అనే భావనను వివరిస్తూ, వాటిలో ఎంతో ముఖ్యమైనదీ, ఎంతో నిగూఢమైనదీ క్రమానికి సంబంధించిన దశ అంటారు. అది తొలి ఏడాదిలోనే కనబడి రెండవ ఏట ముదురుతుందని ఆమె అభిప్రాయం. దీనికి ఆమె ఇచ్చిన ఆధారాలు ప్రయోగశాలవి కావు, చిన్న చిన్న సంఘటనలు.

ఒకటి: ఆరు నెలల పాప ఉన్న గదిలోకి ఒక స్త్రీ వచ్చి తన గొడుగును బల్లమీద పెట్టింది. పాప గొడుగువైపు చూస్తూ ఏడ్చింది. గొడుగు కావాలేమో అనుకుని ఇవ్వబోతే తోసేసింది. చివరికి తల్లి ఆ గొడుగును గదినుంచి తీసేయగానే ఊరుకుంది. రెండు: నేపుల్స్ దగ్గర ఒక సొరంగ మార్గంలో నడుస్తూ, ఏడాదిన్నర బిడ్డను ఎత్తుకున్న తల్లి ఉక్కపోసి కోటు విప్పి చేతిమీద వేసుకుంది. బిడ్డ ఏడుపు ఎవరు బుజ్జగించినా ఆగలేదు. మాంటిస్సోరి కల్పించుకుని తల్లికి కోటు తొడగడంలో సాయపడగానే ఆగింది. మూడవది స్నానానికి సంబంధించినది. ఆయా మారిన తరువాత ఒక పసిబిడ్డ రోజూ స్నానం వేళ ఏడ్వసాగింది. పాత ఆయా కుడిచేత్తో బిడ్డ తలను, ఎడమచేత్తో కాళ్ళను పట్టుకునేది. కొత్త ఆయా పట్టు దానికి తారుమారు. క్రమం గదిలో మాత్రమే కాదు, ఒంటిలో కూడా ఉంటుందని చెప్పడానికి మాంటిస్సోరి దీన్ని వాడుకున్నారు.

ఈ మూడింటికీ ఒక ఉమ్మడి నిర్మాణం ఉంది. మార్పు, కలవరం, పూర్వస్థితి, శాంతి. నాలుగవ మెట్టే ఇక్కడ అసలు ఆధారం. బిడ్డ ఏడ్చిందని చెప్పడం వల్ల ఏమీ తేలదు, ఏడుపుకు వంద కారణాలు. దేనిని యథాస్థానంలో పెడితే ఏడుపు ఆగిందో చెప్పినప్పుడే వాదన నిలబడుతుంది. మన శిశు పరిశీలన నివేదికల్లో చాలావాటికి ఈ నాలుగవ మెట్టు ఉండదు. “బాబు ఏడ్చాడు, టీచరు ఓదార్చింది” అనే వాక్యంతో ముగిసిపోతాయి. ఓదార్పులో ఏం చేశారో రాయకపోతే ఆ నివేదిక ఎవరికీ ఉపయోగపడదు.

బలం చెప్పుకున్నాక బలహీనత కూడా చెప్పాలి. ప్రతి సంఘటనా ఒక్కసారి జరిగినది. చూసినది, వివరించినది, దానినుంచి సిద్ధాంతం తీసినది ఒకే వ్యక్తి. గొడుగు తీసేటప్పుడు తల్లి బిడ్డవైపు చూసిందా, ఏమైనా పలికిందా, ఆ చూపుకే బిడ్డ ఊరుకుందా అన్న ప్రశ్నకు గ్రంథంలో జవాబు దొరకదు. ఇంకొకటి, ఇవన్నీ కలవారి ఇళ్ళ ముచ్చట్లు. ఆయా ఉన్న ఇల్లు, అతిథులు గొడుగుతో వచ్చే గది, ప్రతి వస్తువుకూ ఒక బల్ల. 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో ఆమె తెరిచిన మొదటి ‘బాలల గృహం’ కూలిపనివారి పిల్లలదే; వస్తువులను తామే తిరిగి చోట పెట్టాలని పిల్లలు టీచరు వెంటపడిన ఉదంతం అక్కడిది. కానీ వాళ్ళు సుమారుగా మూడేళ్ళు నిండినవారు. మూడేళ్ళ లోపు పిల్లల గురించి ఆమె చెప్పిన ఈ సంఘటనలు మరొక వర్గపు ఇళ్ళనుంచి వచ్చాయి. తరువాతి వ్యాఖ్యాతలు ఈ తేడాను తగినంతగా పట్టించుకోలేదు.

వెతికిన చోటే వెతకడం

దాగుడుమూతలు ఆడే రెండేళ్ళ పిల్లల్ని చూసినవారికి తెలుసు: తలుపు వెనక దాక్కున్న అక్క, రెండవసారీ అదే తలుపు వెనక దాక్కోవాలి. మూడవసారి బీరువా పక్కన దాక్కుంటే పిల్లవాడికి ఉత్సాహం రాదు, కోపం వస్తుంది. మాంటిస్సోరి కూడా ఇటువంటి ఆటనే వర్ణించారు. గుడ్డ పరిచిన బల్లకింద ఒకడు దూరతాడు, మిగిలినవాళ్ళు బయటికి వెళ్ళి వచ్చి, గుడ్డ ఎత్తి, ఉన్నచోటే ఉన్నవాణ్ణి చూసి కేరింతలు కొడతారు. ఆమె తాను వేరేచోట దాక్కుంటే పిల్లలు వెతకలేదు సరికదా, మాతో ఎందుకు ఆడలేదని అడిగారట. వెతకడం కాదు, ఉండవలసిన చోట ఉండటాన్ని చూడడమే ఆ వయసులో ఆట అని ఆమె నిర్ణయం.

ఇదే సందర్భంలో ఆమె జాన్ పియాజే ప్రయోగాన్ని ప్రస్తావించి వివాదంలోకి దిగారు. వస్తువును బిడ్డ చూస్తుండగానే మొదటి చోటు నుంచి రెండవ చోటికి మార్చినా బిడ్డ మొదటి చోటే వెతుకుతుంది. చూపునుంచి తప్పుకున్న వస్తువు కూడా ఉంటుందనే భావన బిడ్డలో ఇంకా పూర్తికాలేదని పియాజే అన్నారు. వస్తువు తన చోటికి తిరిగి రావాలని బిడ్డ ఆశిస్తోందని మాంటిస్సోరి అన్నారు. ఒకే చేష్ట, రెండు అర్థాలు. చర్చ అక్కడితో ఆగలేదు. అడెల్ డైమండ్ 1985లో, దాచడానికీ వెతకనివ్వడానికీ మధ్య వ్యవధి పెరిగేకొద్దీ పొరపాటు పెరుగుతుందని చూపి, ఇందులో జ్ఞాపకశక్తి, అలవాటైన చేష్టను ఆపుకునే శక్తి రెండూ ఇమిడి ఉన్నాయన్నారు. ఎస్తర్ థెలెన్, ఆమె సహచరులు 2001లో దీన్ని చేతి కదలిక అలవాటుకు ముడిపెట్టారు. వారి పరిశోధన బృందం అనుభవంలో బిడ్డ భంగిమ మారిస్తేనే ఫలితం మారింది. హంగేరీకి చెందిన యోజెఫ్ టొపాల్ బృందం 2008లో మరొక మెలిక చూపింది: దాచేవాళ్ళు బిడ్డ కళ్ళలోకి చూడకుండా, పలకరించకుండా దాస్తే పొరపాటు బాగా తగ్గింది. అంటే మన చూపూ పలకరింపూ బిడ్డకు ‘ఇది ఇక్కడే ఉంటుంది, నేర్చుకో’ అన్న సందేశంగా అందుతున్నాయన్నమాట.

ఈ చర్చలో మాంటిస్సోరి పక్షాన ఒక సవరణతో నిలబడవచ్చు. పియాజే వర్ణించిన పొరపాటు ప్రధానంగా ఎనిమిది నుంచి పన్నెండు నెలల వయసుకు చెందినది. దాన్నీ, రెండు మూడేళ్ళ పిల్లల ఆటనూ ఆమె ఒకే గాటన కట్టడం సరికాదు. రెండేళ్ళవాడికి వస్తువు ఎక్కడుందో తెలుసు, వెతకగలడు. వెతకగలిగి కూడా పాతచోటే కోరుకుంటున్నాడంటే దాన్ని తెలివి చాలకపోవడంగా లెక్కగట్టలేం. ఆ వయసుకే ఆమె వాదన బాగా వర్తిస్తుంది.

దీనికి వేరే దిక్కునుంచి ఒక ఊతం ఉంది. డేవిడ్ ఎవాన్స్, జేమ్స్ లెక్‌మన్ తదితరులు 1997లో దాదాపు 1,500 మంది తల్లిదండ్రులను పిల్లల అలవాట్ల గురించి ప్రశ్నించారు. పిల్లల వయసు 8 నుంచి 72 నెలలు. ‘సరిగ్గా ఇలాగే ఉండాలి’ అనే పట్టుదల, పనులు ఒకే వరుసలో జరగాలనే కోరిక రెండు నుంచి నాలుగేళ్ళ మధ్య ఎక్కువగా కనబడి తరువాత తగ్గాయి. తల్లిదండ్రుల మాటమీద ఆధారపడిన సర్వే కనుక దాని పరిమితి దానికుంది. అయినా ఒక మేలు చేసింది: ఇది పెరుగుదలలో భాగమేనని చెప్పింది. 1943లో లియో కానర్ ఆటిజమ్‌ను వర్ణించినప్పుడు మార్పును సహించలేకపోవడాన్ని ముఖ్య లక్షణంగా పేర్కొన్నారు. ఆ వర్ణన చదివినవాళ్ళు కంచం మారితే ఏడ్చే ప్రతి రెండేళ్ళ పిల్లవాణ్ణీ అనుమానంగా చూడడం, తల్లికి ఆ అనుమానాన్ని అంటించడం ఈమధ్య ఎక్కువైంది. ఒక లక్షణాన్ని విడిగా పట్టుకుని తీర్పు చెప్పే అధికారం పరిశీలకులకు లేదు.

మాట తెచ్చిన చిక్కు

ఇంతకూ ఈ భావన మన ఉపాధ్యాయ శిక్షణలో ఎందుకు ఇంకలేదు? ఒక కారణం తెలుగు మాటలోనే ఉందనిపిస్తుంది. ‘ఆర్డర్’ను క్రమం అన్నాం, బాగుంది. ‘డిసిప్లిన్’ను క్రమశిక్షణ అన్నాం. ఆ సమాసంలో క్రమం శిక్షణవల్ల వచ్చేది, బయటినుంచి ఒకరు నేర్పేది. సంస్కృతంలో శిక్ష అంటే విద్య. తెలుగులో శిక్ష అంటే దండన. చెవికి ఆ రెండవ అర్థమే ముందు తగులుతుంది. క్రమం అనగానే బడి వరుస, నోటిమీద వేలు, చేతులు కట్టుకోవడం గుర్తొచ్చే భాషలో, నేర్పకముందే బిడ్డలో ఉన్న క్రమానికి పేరు లేకుండా పోయింది.

పేరు లేని చోట వేరే పేర్లు వచ్చి కూర్చుంటాయి. మారాం, పేచీ, మంకుపట్టు, మొండితనం. వాటిలో మారాంకు కొంత ముద్దు ఉంది, మిగిలినవి నేరారోపణలే. తన గిన్నెలోనే బువ్వ కావాలని ఏడ్చే రెండేళ్ళ పాపకు “మొండిది” అన్న పేరు పడితే, ఆ పేరుకు తగిన చికిత్స కూడా వెంటనే మొదలవుతుంది. అందుకే ఈ వ్యాసంలో ‘క్రమస్పృహ’ అన్న మాటను వాడుతున్నాను. ఇంతకంటె మంచి మాట ఎవరైనా చూపితే స్వీకరించడానికి అభ్యంతరం లేదు.

క్రమానికీ శిక్షణకూ ముడి విప్పే ఆలోచన ఈ నేలకు కొత్తది కాదన్న సంగతి కూడా చెప్పాలి. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన విద్యా ప్రసంగాల్లో, బయటినుంచి రుద్దిన క్రమశిక్షణ బుద్ధిని మొద్దుబారుస్తుందని పదే పదే అన్నారు. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా చిత్తూరు జిల్లాలో భాగంగా ఉన్న ఆ మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, పల్లె బడుల కోసం రూపొందిన అభ్యసన నిచ్చెనలో పిల్లలు తామెక్కడున్నారో, తరువాత ఏ కార్డు తీసుకోవాలో గుర్తులు చూసుకుని తామే తెలుసుకుంటారు. అది పెద్దపిల్లల సంగతి. అయినా క్రమం టీచరు నోట్లో కాకుండా పిల్లవాడి కళ్ళెదుట ఉండాలన్న సూత్రం ఒకటే. మాంటిస్సోరి 1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు చేరి, యుద్ధకాలమంతా అడయారులోనూ కొడైకెనాల్‌లోనూ గడిపారు. ‘ది అబ్సార్బెంట్ మైండ్’ 1949లో అడయారులోనే అచ్చయింది. తిరుపతికి కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఇంత జరిగింది. ఆ తరువాత మన ఊళ్ళ బోర్డులమీద మాంటిస్సోరి అన్న మాట ఆంగ్ల మాధ్యమానికి పర్యాయపదంగా మిగిలిపోవడం వేరే కథ.

మన ఇంట్లో క్రమం ఎక్కడుంది

మాంటిస్సోరిని యథాతథంగా తెచ్చుకుంటే ఒక పొరపాటు జరుగుతుంది. ఆమె వెతికినట్టు మనమూ వస్తువుల చోటులోనే క్రమాన్ని వెతుకుతాం. అరలు, ట్రేలు, పిల్లల ఎత్తుకు తగిన బల్లలు కొంటాం. చిత్తూరు జిల్లా పల్లెల్లో, తిరుపతి అద్దె ఇళ్ళలో ఉన్నది చాలాచోట్ల ఒకటి రెండు గదులు. పొద్దున చాప చుట్టేస్తే పడకగది కూర్చునే గది అవుతుంది. మధ్యాహ్నం అక్కడే అన్నాలు. సాయంత్రం అక్కడే పెద్దపిల్లల చదువు. వస్తువులు కదులుతూనే ఉంటాయి. ఈ ఇంట్లో పెరిగే బిడ్డకు క్రమస్పృహ ఉండదా? ఉంటుంది. అది చోటును వదిలి వరుసను పట్టుకుంటుంది.

పసిబిడ్డ స్నానాన్నే తీసుకుందాం. అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. బిడ్డను కాళ్ళమీద బోర్లా, వెల్లకిలా తిప్పుతూ నూనె రుద్దుతుంది. సున్నిపిండి, గోరువెచ్చని నీళ్ళు, తడి తుడవడం, సాంబ్రాణి పొగ, బొట్టు, పాలు, చీర ఉయ్యాల. నీళ్ళు పోసే చోటు పెరడైనా వసారా అయినా ఫరవాలేదు. వరుస తప్పితేనే చిక్కు. తలమీద నీళ్ళు ముందు పడాలో వీపుమీద ముందు పడాలో అవ్వ చేతికి తెలుసు, బిడ్డ ఒంటికీ తెలుసు. అవ్వ ఊరెళ్ళిన నాడు తల్లి పోస్తే బిడ్డ కిక్కురుమనకుండా ఊరుకోదు. మాంటిస్సోరి చెప్పిన ఆయా ఉదంతానికి ఇది మన ఇంటి రూపం. తేడా ఒకటుంది. అక్కడ మారింది చేతిపట్టు మాత్రమే అని ఆమె తేల్చారు. ఇక్కడ చేతిపట్టునూ మనిషినీ విడదీసి చూడడం కష్టం. విడదీయాలన్న పట్టుదల కూడా అనవసరమేమో. ఈ వయసు బిడ్డకు క్రమంలో మనిషి ఒక భాగం: ఎవరు పోస్తారు, ఎవరు తినిపిస్తారు, ఎవరి పక్కన పడుకుంటాం.

నిజానికి వరుసలో ఉండే క్రమం తిరుపతికి ఒకరు నేర్పవలసింది కాదు. కొండమీది దేవుడి రోజు సుప్రభాతంతో మొదలై, తోమాల, అర్చన వంటి సేవలతో సాగి, తాళ్ళపాక వారి లాలితో ఏకాంతసేవలో ముగుస్తుంది. ఏ సేవ తరువాత ఏది అన్నదే అక్కడ అంతా. ఇంట్లో బిడ్డను నిద్రపుచ్చే తల్లి కూడా దీపం తగ్గించి, ఉయ్యాల ఊపి, రోజూ పాడే పాటే పాడుతుంది. ఒక చరణం దాటేస్తే సగం నిద్రలో ఉన్న రెండేళ్ళవాడు కళ్ళు తెరిచి నిలదీస్తాడు.

ఈ మనుషుల క్రమం ఇప్పుడు కొత్త ఒత్తిడికి లోనవుతోంది. తిరుపతి జిల్లాలో శ్రీసిటీ కర్మాగారాలకు చుట్టుపక్కల మండలాలనుంచి స్త్రీలు బస్సుల్లో వెళ్ళి పనిచేస్తున్నారు. షిఫ్టులు మారే ఉద్యోగంలో తల్లి ఒక వారం పొద్దున ఉండదు, మరొక వారం రాత్రి ఉండదు. బిడ్డకు తల్లి లేకపోవడం ఒక ఎత్తు, లేని వేళ మారుతూ ఉండడం మరొక ఎత్తు. రోజూ పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చే తల్లి చుట్టూ బిడ్డ ఒక వరుస కట్టుకోగలదు. వరుస కుదిరేలోపు వారం మారిపోతే ఏం చేస్తుంది? ఉద్యోగం చేసే తల్లిని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. 2017 నాటి ప్రసూతి ప్రయోజన సవరణ చట్టం 50 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థలు శిశుసంరక్షణ గది ఏర్పాటు చేయాలని చెప్పింది. గది ఉండడంతోనే సరిపోదు. అందులో బిడ్డను ఎత్తుకునే మనిషి రోజూ ఒకరే అయి ఉండడం గురించి చట్టం మాట్లాడదు. క్రమస్పృహ దృష్టితో చూస్తే గోడల రంగుకంటె ఆ ప్రశ్నే ముందు అడగవలసింది.

అంగన్‌వాడీ గడులు

1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో బడి ముందు విద్య మూడేళ్ళు నిండినవారికి. మూడేళ్ళ లోపువారు కేంద్రానికి రావడమంటే ప్రధానంగా తూకానికీ, టీకాకూ, ఇంటికి తీసుకెళ్ళే ఆహారానికీ రావడమే. క్రమస్పృహ ఉచ్ఛదశలో ఉన్న రెండేళ్ళూ బిడ్డ మన వ్యవస్థకు ఒక బరువుగా, ఒక ఎత్తుగా, పెరుగుదల పట్టికలో ఒక చుక్కగా మాత్రమే కనబడింది. పోషణ ముఖ్యం కాదని ఎవరూ అనరు. చుక్క పైకి వెళుతోందా లేదా అని చూసే కన్ను, ఆ బిడ్డ తూకం తొట్టెలో ఎందుకు ఏడ్చిందో చూడటానికి అలవాటు పడలేదు.

2020 జాతీయ విద్యావిధానం తరువాత దృష్టి కొంత మారింది. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పుట్టుకనుంచి మూడేళ్ళ వరకు ‘నవచేతన’ అనే చట్రాన్నీ, మూడు నుంచి ఆరేళ్ళకు ‘ఆధారశిల’ అనే పాఠ్యప్రణాళికనూ విడుదల చేసింది. నవచేతనలో 36 నెలల క్యాలెండరు, 140 కృత్యాలు ఉన్నాయి. మూడేళ్ళ లోపు బిడ్డను ఆలోచించే ప్రాణిగా ఒక ప్రభుత్వ పత్రం ఇంత వివరంగా పట్టించుకోవడం స్వాగతించవలసిందే. అయితే కృత్యాల జాబితాకు ఒక సహజ ప్రమాదం ఉంది. ఈ నెల ఈ కృత్యం, వచ్చే నెల మరొకటి అని కొత్తదనం మీదే చూపు నిలుస్తుంది. బిడ్డ కోరేది నిన్నటిదాన్నే మళ్ళీ.

పరిశీలన పత్రాల విషయం ఇంకా సూటిగా చెప్పాలి. ప్రభుత్వ కేంద్రాల్లోనూ ప్రైవేటు బడుల్లోనూ వాడే పట్టికల్లో ‘ఆట వస్తువులను తిరిగి సర్దుతాడు: అవును / కాదు’ వంటి గడులే ఎక్కువ. చెప్పినమాట విన్నాడా అన్నదాన్నే ఇది కొలుస్తుంది. టీచరు చూస్తుండగా బొమ్మల్ని డబ్బాలో పోసిన పిల్లవాడికి ‘అవును’ పడుతుంది. ఎవరూ చెప్పకుండానే, పక్కవాడు తలకిందులుగా పెట్టిన చెప్పును తిప్పిపెట్టి వచ్చిన పిల్లవాడికి ఏ గడీ లేదు. చెప్పు తిప్పిపెట్టినవాడే సర్దే వేళకు ఏడ్చి ఉండవచ్చు, తన వరుస మధ్యలో తెగింది కనుక. అప్పుడు అతడికి ‘కాదు’ పడుతుంది.

దీనికి పెద్ద సంస్కరణ అక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో మూడు విషయాలు రాస్తే చాలు: ఏది మారింది, బిడ్డ దేనివైపు చూసింది, దేన్ని యథాప్రకారం చేస్తే కుదుటపడింది. మూడవది తెలియకపోతే ఖాళీగా వదిలేయాలి, ఊహించి నింపకూడదు. టొపాల్ బృందం హెచ్చరికను కూడా గుర్తుంచుకోవాలి. పరిశీలకురాలి చూపు, పలకరింపు బిడ్డ చేష్టను మారుస్తాయి కనుక తాను ఆ సమయంలో ఏం చేస్తున్నదో కూడా ఒక ముక్క రాసుకోవాలి. పోషణ, టీకాలు, యాప్‌లో నమోదులు, ఇంటింటి సందర్శనలు చేసే అంగన్‌వాడీ కార్యకర్తకు ఇది మరొక భారం అన్న అభ్యంతరం న్యాయమైనదే. రోజుకు ఒక బిడ్డ, ఒక సంఘటన. అంతకు మించి అడగకూడదు. మిగిలింది తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంటి చోట్ల పరిశోధన చేసేవారు తమ ప్రశ్నావళులను కొంతకాలం పక్కన పెట్టి నేలమీద కూర్చుని చేయవలసిన పని.

ఆ క్రమం ఎవరిది

ఇంతదాకా క్రమస్పృహను బిడ్డ పక్షాన నిలిచి సమర్థించాను. మాంటిస్సోరి రచనలో నాకు లోపంగా కనిపించే చివరి విషయం ఇక్కడే ఉంది. ఆమె దృష్టిలో క్రమం దాదాపుగా ఎప్పుడూ మంచిదే; ప్రకృతి బిడ్డకిచ్చిన దిక్సూచి. దిక్సూచి ఏ లోకంలో తిరుగుతోందన్న ప్రశ్న ఆమె వేయలేదు.

బిడ్డ ఉన్న క్రమాన్ని పట్టుకుంటుంది, న్యాయమైన క్రమాన్ని ఏరుకోదు. అమ్మ చీపురు పట్టడమే రోజూ చూసిన రెండేళ్ళవాడు, నాన్న చీపురు పడితే లాక్కుని అమ్మకిస్తాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. నాన్న ముందు తింటాడు, అమ్మ చివర తింటుంది. ఆ వరుస తప్పితే బిడ్డ అడుగుతుంది. ఇంటికి పనికి వచ్చే మనిషికి వేరే గ్లాసు, అది వాకిలి పక్క గూట్లో ఉంటుంది. ఎవరూ పాఠం చెప్పరు. గొడుగు బల్లమీద ఉండకూడదని ఆరు నెలల పాపకు తెలిసినట్టే, ఆ గ్లాసు వంటింట్లోకి రాకూడదని మూడేళ్ళ పాపకు తెలిసిపోతుంది. ఎవరైనా పొరబాటున లోపల పెడితే వేలు చూపించేది కూడా ఆ పాపే కావచ్చు. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతిని గురించి మన సమాజశాస్త్రజ్ఞులు రాశారు, ఉద్యమాలు నడిచాయి. ఇంటి గూట్లోని గ్లాసును బిడ్డ క్రమస్పృహ ఎప్పుడు, ఎలా మోసుకుంటుందో మన శిశువికాస పరిశోధన అడిగినట్టు కనబడదు.

అంగన్‌వాడీకి ఈ సందర్భంలో వేరే విలువ వస్తుంది. మూడేళ్ళకు, ఇంటి క్రమం ఇంకా గట్టిపడుతున్న వేళ, బిడ్డ అడుగుపెట్టే మొదటి బయటి క్రమం అది. అక్కడ అందరి కంచాలూ ఒక్కటే, అందరూ ఒకే వరుసలో నేలమీద కూర్చుని ఒకే గుడ్డు, ఒకే అన్నం తింటారు. కనీసం అలా ఉండాలి. వంట ఎవరు చేశారన్న మీద పెద్దలు గొడవపడే ఊళ్ళు దేశంలో ఇంకా ఉన్నాయని పత్రికలు చదివేవారికి తెలుసు. వరుస నిజంగా ఒకటే అయితే, ఇంటి గూటిని పట్టుకున్న అదే స్పృహ కొన్ని వారాల్లో ఈ వరుసను కూడా పట్టుకుంటుందని ఆశించడానికి ఆధారముంది. ఒకనాడు ఆ వరుసలోంచి ఒక బిడ్డను తప్పించి వేరుగా కూర్చోబెడితే, మిగిలినవారిలో ఎవరు ముందు గమనిస్తారో, ఎటు చూస్తారో, ఆ బిడ్డ తిరిగి తన చోటికి వచ్చాక ఏమవుతుందో రాసుకునే గడి, ఈ వ్యాసకర్త చూసిన పరిశీలన పత్రాల్లో ఎక్కడా లేదు.